గోల్ఫ్ టీ దగ్గరి స్వేచ్ఛ: మొదటి షాట్, దాని నియమాలు

గోల్కొండ కోటను ఆనుకుని ఉన్న హైదరాబాద్ గోల్ఫ్ కోర్సులోనైనా, విశాఖలోని ఈస్ట్ పాయింట్‌లోనైనా, కొత్తగా ఆడేవారు సాధారణంగా రెండు టీ గుర్తులకు (మొదటి షాట్ కొట్టే చోటును చూపే గుర్తులకు) సరిగ్గా నడిమధ్యన బంతి నిలిపి, దూరం కొట్టే పొడవాటి క్లబ్బు డ్రైవర్ అందుకుని, ఒంట్లోని బలమంతా పెట్టి కొడతారు. అక్కడే నిలపాలని ఏ నియమమూ చెప్పదు. గుర్తుల ముందు అంచులను కలిపే గీత నుంచి వెనక్కి రెండు క్లబ్బుల పొడవు వరకు ఉన్న దీర్ఘచతురస్రమంతా టీయింగ్ ఏరియాయే. బంతి అందులో ఉంటే చాలు, ఆటగాడి పాదాలు బయట ఉన్నా తప్పు లేదు. ఇక్కడ నేలను కాలితో అదమవచ్చు, మంచును తుడవవచ్చు, అడ్డొచ్చే గడ్డిని తుంచవచ్చు. ఇంత వెసులుబాటు కోర్సులో మరెక్కడా దొరకదు కనుక, షాట్ మెరుగుదల ఇక్కడి నుంచే మొదలుకావాలి.

కుడిచేతి వాటం వారిలో ఎక్కువమందిని బాధించేది స్లైస్, అంటే బంతి గాలిలో కుడివైపు వంగిపోవడం. అలాంటివారు టీయింగ్ ఏరియా కుడి అంచున బంతి నిలిపి ఫెయిర్‌వే (హోల్ వైపు సాగే, గడ్డి కత్తిరించిన దారి) ఎడమ భాగానికి గురిపెడితే, వంపు తిరగడానికి ఫెయిర్‌వే వెడల్పంతా కలిసివస్తుంది. ఇది చికిత్స కాదు, ఉపశమనమే. అసలు కారణం, క్లబ్బు బయటి నుంచి లోపలికి కోసుకువస్తుండగా దాని ముఖం (బంతిని తాకే వైపు) ఆ దారికి కుడివైపు తెరుచుకుని ఉండడం. ఎడమచేతి పట్టును కాస్త కుడివైపు తిప్పి, పైనుంచి చూసినప్పుడు రెండు మూడు కణుపులు కనబడేలా పట్టుకుంటే ముఖం మూసుకోవడం సులువవుతుంది. దారిని సరిచేయడానికి, బంతికి జానెడు వెనుక, గురిరేఖకు కొంచెం అవతల ఒక ఖాళీ బంతుల డబ్బా పెట్టి, దానికి తగలకుండా కొట్టడం సాధన చేయాలి. ఇది ప్రాక్టీస్ రేంజ్‌కే పరిమితం. ఆటలో ఇలాంటివి వాడితే పెనాల్టీ పడుతుంది.

డ్రైవర్‌ను నేలపై ఆనించినప్పుడు బంతిలో సగం దాని తల పైఅంచుకు ఎగువన కనిపించేంత ఎత్తులో టీ (బంతిని నిలిపే చిన్న మేకు) ఉండాలి. బంతి ఎడమ మడమ లోపలి అంచుకు ఎదురుగా ఉండాలి, వెన్ను కొద్దిగా కుడివైపు వాలాలి. ఇవన్నీ ఎందుకంటే, క్లబ్బు తన దారిలో అట్టడుగు బిందువును దాటి పైకి లేస్తున్నప్పుడు బంతిని తాకితేనే అది ఎక్కువ ఎత్తులో, తక్కువగా తిరుగుతూ దూరం వెళుతుంది. డ్రైవర్ కన్నా పొట్టిదైన, లోహపు తల ఉన్న ఐరన్ క్లబ్బుతో కొట్టే చిన్న హోల్‌లో దీనికి విరుద్ధం: బంతి గడ్డిపై తేలినంత ఎత్తు చాలు.

ఇక లెక్క సంగతి. కొట్టే ఉద్దేశం లేకుండా సర్దుకుంటుండగా బంతి టీ మీద నుంచి పడిపోతే పెనాల్టీ లేదు, తిరిగి నిలపవచ్చు. కొట్టబోయి గాలిని కొడితే మాత్రం అది లెక్కలోకి వచ్చే ఒక స్ట్రోకే (దెబ్బే), పక్కనున్నవారు నవ్వినా నవ్వకపోయినా. అయితే బంతి ఇంకా టీయింగ్ ఏరియాలోనే ఉంటే దాన్ని మళ్లీ టీ మీద పెట్టి రెండో స్ట్రోక్ ఆడవచ్చన్న సంగతి చాలామందికి తెలియదు. స్ట్రోక్ ప్లేలో (మొత్తం స్ట్రోకులు లెక్కించే ఆటలో) టీయింగ్ ఏరియా బయటి నుంచి ఆడితే రెండు పెనాల్టీ స్ట్రోకులు, పైగా లోపలి నుంచి మళ్లీ ఆడాలి.

అన్నిటికన్నా ఖరీదైనది తెల్లకర్రల అవతలికి, అంటే ఓబీకి (ఔట్ ఆఫ్ బౌండ్స్, కోర్సు హద్దు బయటికి), పోయిన బంతి. ఒక పెనాల్టీ స్ట్రోక్ కలుపుకుని మళ్లీ అదే చోటి నుంచి ఆడాలి కాబట్టి, టీ నుంచి కొట్టే తదుపరి షాట్ మూడోది అవుతుంది. కనబడని బంతిని వెతకడానికి 2019 నుంచి 3 నిమిషాలే గడువు. బంతి పోయిందేమోనన్న అనుమానం వస్తే, ముందుకు నడవకముందే తోటి ఆటగాళ్లకు ‘ప్రొవిజనల్ బాల్ (తాత్కాలిక బంతి) ఆడుతున్నాను’ అని స్పష్టంగా చెప్పి మరో బంతి కొట్టడం మంచిది. ‘ఇంకోటి కొడతాను’ అంటే సరిపోదు. ఆ రెండో బంతే ఆటలోకి వచ్చేస్తుంది, మొదటిది ఫెయిర్‌వే మీద దొరికినా పనికిరాదు. ఎర్ర, పసుపు కర్రల పెనాల్టీ ఏరియాలోకే (నీటిగుంటల వంటి చోట్లకే) వెళ్లిందని కచ్చితంగా తెలిస్తే ప్రొవిజనల్ ఆడకూడదు. ప్రొవిజనల్‌గా కొట్టే రెండో బంతికి నేనైతే డ్రైవర్‌ను సంచిలో పెట్టేసి, నేరుగా వెళుతుందని నమ్మకమున్న ఐరన్ తీస్తాను.