ఎయిర్ పిస్టల్ ఎంచుకుని, గ్రిప్ చేతికి కుదుర్చుకోవడం ఎలా?

బెంగళూరులో మా షూటింగ్ రేంజ్‌కి శని, ఆదివారాల్లో కొత్తగా వచ్చే కుర్రాళ్ళలో మనవాళ్ళు తక్కువేమీ కాదు. మారతహళ్ళి నుంచో, ఎలక్ట్రానిక్ సిటీ నుంచో పొద్దున్నే బండేసుకుని వస్తారు. అందరిదీ మొదటి ప్రశ్న ఒకటే: "అన్నా, ఏ గన్ కొనమంటావ్?" గ్రిప్ (పిస్టల్ పట్టుకునే చెక్క పిడి) సంగతి ఒక్కడూ అడగడు. ఆర్నెల్లకి వాళ్ళలోనే ఒకడు ఎలుక కొరికిన కొబ్బరిచిప్పలాంటి గ్రిప్ పట్టుకొచ్చి, "గ్రూపింగ్ రావట్లేదన్నా" అంటాడు, అంటే షాట్లన్నీ ఒకేచోట పడట్లేదని. ఇలాంటివి చూసీ చూసీ విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఇది 10 మీటర్ల పోటీల్లో వాడే ఎయిర్ పిస్టల్ గురించి. నడుముకి పెట్టుకుని తిరిగే తుపాకీ గురించి కాదు. దానికి లైసెన్సు కావాలి, ఆ దారి వేరు. 2016 ఆయుధాల నియమాల ప్రకారం 4.5 మిల్లీమీటర్లకి (అంటే .177) మించని, 20 జౌళ్ళ శక్తి దాటని ఎయిర్ పిస్టల్‌కి లైసెన్సు అక్కర్లేదు. మ్యాచ్ పిస్టల్ శక్తి 6 జౌళ్ళ దరిదాపుల్లోనే ఉంటుంది. అయినా గుర్తింపు కార్డు, చిరునామా రుజువు ఇచ్చి కొనండి. బిల్లు కాపీ గన్ పెట్టెలోనే ఉంచండి.

కొనేటప్పుడు

కొత్తవాళ్ళకి ఉక్కు మోజు ఎక్కువ. బరువుగా, చల్లగా, పూర్తిగా ఇనుముతో చేసిందయితేనే "అసలు గన్" అనుకుంటారు. నిజానికి ఒలింపిక్స్‌లో కనిపించే స్టెయర్, మోరిని, వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావ్, పార్దిని పిస్టళ్ళలో బ్యారెల్ ఉక్కుదే కానీ ఫ్రేమ్ ఎక్కువగా అల్యూమినియంది. నిబంధన ప్రకారం బరువు 1500 గ్రాములు దాటకూడదు. మంచి పిస్టళ్ళు చాలావరకు కిలోకి కాస్త అటూ ఇటూ ఉంటాయి. చెయ్యి చాచి 60 షాట్లు కొట్టాలి, దానికి 75 నిమిషాలు. నలభయ్యో షాట్ దగ్గర ఆ అదనపు 200 గ్రాములు భుజానికి ఏం చేస్తాయో అనుభవిస్తేగానీ తెలియదు. తేలికది తీసుకోండి. బరువు కావాలనిపిస్తే తర్వాత బ్యారెల్ కింద తగిలించుకోవచ్చు.

ట్రిగ్గర్ మెకానికల్‌దే తీసుకోండి. ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ హాయిగా ఉంటుంది, కాదనను. కానీ టోక్యో ఒలింపిక్స్‌లో మను భాకర్ క్వాలిఫికేషన్ మధ్యలో పిస్టల్ మొరాయించి విలువైన నిమిషాలు పోవడం చూశాక నాకు స్క్రూలూ స్ప్రింగులూ ఉన్నదాని మీదే నమ్మకం. ఆ అమ్మాయి 2024లో పారిస్‌లో రెండు కంచు పతకాలు తెచ్చింది, అది వేరే సంగతి. నా మాట మాత్రం మారదు.

సెకండ్‌హ్యాండ్ అయినా తప్పులేదు. పెల్లెట్‌ని తోసే గాలి ఉండే సిలిండర్ మీద తయారైన సంవత్సరం చెక్కి ఉంటుంది, అది చూడండి. సాధారణంగా 200 బార్ ఒత్తిడితో గాలి నింపే సిలిండర్ అది. కంపెనీ చెప్పిన గడువు (చాలావాటికి పదేళ్ళు) దాటితే గన్ ధరలోంచి కొత్త సిలిండర్ ఖరీదు తీసేసి బేరమాడండి. గ్రిప్ సైజు మాత్రం మీ చేతికి దగ్గరగా ఉండాలి. పెద్ద గ్రిప్‌ని చెక్కి చిన్నది చేసుకోవచ్చు. మరీ చిన్నదాన్ని పుట్టీతో పెద్దది చేస్తే అది మట్టిముద్దలా తయారవుతుంది.

సామాన్లు

ఎస్.పి. రోడ్డులో ఒక గంట తిరిగితే అన్నీ దొరుకుతాయి: ఒకవైపు గుండ్రంగా ఉండే ఆకురాయి, చెక్కకి వాడే గరుకు ఆకురాయి, 80, 120, 240 నంబర్ల ఎమరీ పేపర్, రెండు ముద్దలు కలిపి పిసికే ఎపాక్సీ పుట్టీ, మాస్క్, ఒక డబ్బా క్యారమ్స్ పౌడర్. అవును, క్యారమ్స్ పౌడరే. ఎందుకో చెప్తాను. కరెంటుతో తిరిగే గ్రైండర్ మాత్రం కొనకండి. దానితో గ్రిప్ బాగుపడగా నేను చూడలేదు.

గ్రిప్

ఇక్కడ నెమ్మదిగా చదవండి.

ముందు లెక్క చూద్దాం. 10 మీటర్ల టార్గెట్‌లో పదో వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు. పెల్లెట్ (ఎయిర్ పిస్టల్ గుండు) 4.5. గీత తాకినా పాయింటు వస్తుంది కాబట్టి పెల్లెట్ మధ్యభాగం కేంద్రానికి 8 మిల్లీమీటర్లలోపు పడితే పది. గురి చూసే సైట్లు రెండూ (మూతి దగ్గర ఫ్రంట్ సైట్, వెనక గాడి ఉన్న రియర్ సైట్) సరిగ్గా కుదిరి ఉండి, చెయ్యి మొత్తంగా 5 మిల్లీమీటర్లు పక్కకి ఊగినా పదే వస్తుంది. అదే ఫ్రంట్ సైట్, రియర్ సైట్ గాడిలో ఒక్క మిల్లీమీటరు పక్కకి జరిగితే? రెండు సైట్ల మధ్య దూరం సుమారు 32 సెంటీమీటర్లు. ఆ ఒక్క మిల్లీమీటరు 10 మీటర్ల దూరానికి 31 మిల్లీమీటర్లవుతుంది. అంటే ఏడు, అదీ బొటాబొటిగా. చెయ్యి ఊగుతోందని టెన్షన్ పడేవాళ్ళే అందరూ, సైట్లు వంకరయ్యాయని చూసుకునేవాడు లేడు. గ్రిప్ చేయాల్సిన పని ఇదొక్కటే: పిస్టల్ ఎత్తిన ప్రతిసారీ మీ ప్రమేయం లేకుండా సైట్లు వాటంతటవే కుదరాలి.

కుదురుతున్నాయో లేదో తెలుసుకోవడానికి కళ్ళు మూసుకుని చూడాలి. పెల్లెట్ లేదని ఖాయం చేసుకుని, టార్గెట్ వైపే నిలబడండి. ఎడమచేత్తో పిస్టల్ ముందుభాగం పట్టుకుని, కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందులోకి గ్రిప్‌ని వెనక్కి, పైకి బాగా లోపలిదాకా కూర్చోబెట్టండి. మధ్యవేలు ట్రిగ్గర్ గార్డ్ కింద ఆనాలి. మధ్యవేలు, ఉంగరపువేలు నేరుగా వెనక్కి లాగుతూ పట్టాలి. బొటనవేలు ఊరికే పడుకుని ఉండాలి. ఇప్పుడు కళ్ళు మూసుకుని ఎత్తండి. రెండు శ్వాసలు ఆగండి. కళ్ళు తెరవండి. ఫ్రంట్ సైట్ గాడిలో ఎక్కడుందో చూడండి. సరిచేయకండి, చూడండి చాలు. పుస్తకంలో రాసుకోండి. దించి, గ్రిప్ వదిలేసి, మళ్ళీ మొదటినుంచి పట్టుకోండి. ఇలా పదిసార్లు. ఏడుసార్లయినా తప్పు ఒకే దిక్కున వస్తేనే అది గ్రిప్ తప్పు. ఒకసారి ఎడమ, ఒకసారి కుడి, ఒకసారి పైకి వస్తుంటే ఆకురాయి పక్కన పెట్టి ఇంకో నెల ప్రాక్టీస్ చేయండి. ఆ తప్పు మీ మణికట్టుది. గ్రిప్ మీద చెయ్యి చేసుకోకండి.

తప్పు ఒకే దిక్కున ఉందనుకుందాం. అయినా చెక్క జోలికి అప్పుడే పోవద్దు. ఇప్పటి పిస్టళ్ళలో చాలావాటికి గ్రిప్‌ని ముందుకీ వెనక్కీ వంచే, పక్కలకి తిప్పే స్క్రూలు ఉంటాయి. ఫ్రంట్ సైట్ ఎప్పుడూ పైకే కనిపిస్తుంటే అది ఆ వంపుతోనే సరవుతుంది. స్క్రూ పావు చుట్టు తిప్పండి, మళ్ళీ పదిసార్లు ఎత్తి చూడండి. చెక్కేసిన చెక్క తిరిగి రాదు, స్క్రూ వెనక్కి తిరుగుతుంది.

స్క్రూలతో కుదరకపోతే అప్పుడు పౌడర్ తీయండి. అరచేతికి క్యారమ్స్ పౌడర్ పలచగా రాసుకుని గ్రిప్‌ని మామూలుగా పట్టుకుని వదలండి. ముదురురంగు వాల్‌నట్ చెక్క మీద చెయ్యి ఆనిన చోట్లు తెల్లగా పడతాయి. ఎక్కడ మరీ గట్టిగా ఒత్తుకుంటోందో, ఎక్కడ ఖాళీగా ఉందో కళ్ళకి కట్టినట్టు తెలుస్తుంది. కుడిచేతివాటం వాళ్ళ విషయంలో బొటనవేలి మొదట్లో, అంటే గ్రిప్ వెనక ఎడమవైపు, చెక్క ఎక్కువైతే అది గ్రిప్ వెనకభాగాన్ని కుడికి నెడుతుంది. పిస్టల్ మూతి ఎడమకి తిరుగుతుంది. గాడిలో ఫ్రంట్ సైట్ ఎడమకి కనిపిస్తుంది. అక్కడ చెక్క తగ్గించాలి, లేదా అరచేయి ఆనే కుడివైపు వెనక పుట్టీ చేర్చాలి. మూతి కుడికి పోతుంటే దీనికి సరిగ్గా తిరగేసి. ఎడమచేతివాటం వాళ్ళు కుడిని ఎడమగా చదువుకోండి.

చెక్కేముందు సిలిండర్ తీసేయండి, గ్రిప్‌ని గన్ నుంచి విడదీయండి. చెక్కపొట్టు ట్రిగ్గర్‌లోకి పోతే ఆ బాధ వేరు. ఆకురాయితో పది గీతలు గీసి ఆపండి. గ్రిప్ బిగించి మళ్ళీ కళ్ళు మూసుకుని చూడండి. విసుగ్గా ఉంటుంది, తెలుసు. నా మొదటి గ్రిప్‌ని ఒక ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు ఉత్సాహంగా అరగదీశాను. సాయంత్రానికి చేతిలో పట్టుకుంటే వెన్నముద్దలా ఉంది. సోమవారం రేంజ్‌లో ఎత్తితే ఫ్రంట్ సైట్ గాడిలోనే లేదు. కొత్త గ్రిప్ తెప్పించుకునేసరికి నాలుగు నెలలు పట్టింది. అప్పటినుంచి ఒక రోజు ఒక్కచోటే, అరమిల్లీమీటరు కంటే ఎక్కువ కాదు. తర్వాత మూడు ప్రాక్టీసులు అలాగే కొట్టాక గానీ ఇంకోచోట ముట్టుకోను.

పుట్టీ వేసేటప్పుడు ఇంకా జాగ్రత్త. నూనె పట్టిన నున్నటి చెక్క మీద పుట్టీ నిలవదు, పొరలా ఊడొస్తుంది. ముందు 80 నంబర్ పేపర్‌తో గరుకు చేయండి. పుట్టీ పిసికి అంటించి, మీద వంటింట్లో వాడే పల్చటి ప్లాస్టిక్ పొర చుట్టి, అప్పుడు పట్టుకోండి. నూటికి తొంభైమంది పాడుచేసేది ఇక్కడే: బల్ల దగ్గర కూర్చుని, పిడికిలి బిగించి, నిమ్మకాయ పిండినట్టు పిండుతారు. వేళ్ళ ముద్రలు లోతుగా దిగి చూడ్డానికి భలే ఉంటుంది. కానీ కూర్చుని పట్టే పట్టు వేరు, చెయ్యి చాచి నిలబడి పట్టే పట్టు వేరు. పైగా చెయ్యి రోజంతా ఒకేలా ఉండదు. మార్చి, ఏప్రిల్ ఎండల్లో కాస్త ఉబ్బుతుంది, డిసెంబరు ఉదయం చలికి ముడుచుకుంటుంది. లోతైన ముద్రల్లో ఆ రోజు చెయ్యి ఒక్కటే పడుతుంది. మీరు రోజూ ప్రాక్టీస్ చేసే వేళకే, షూటింగ్ భంగిమలో నిలబడి, షాట్ కొట్టేటప్పుడు పట్టేంత బలంతోనే పట్టుకోండి. అర నిమిషం పట్టి, దించి, మళ్ళీ ఎత్తండి. నాలుగైదు సార్లు చాలు. రాత్రంతా కదపకండి. మర్నాడు ఎత్తుగా లేచిన అంచులు అరగదీయండి. ఆ పొడి పీల్చకూడదు, మాస్క్ అందుకే.

ఎవరి గ్రిప్‌నో ఫోటో చూసి కాపీ కొట్టకండి. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ గ్రిప్ ఆమె చేతిది. మీ చెయ్యి అది కాదు కదా.

చూపుడువేలి పక్క మాత్రం ధైర్యంగా చెక్కొచ్చు. వేలు ట్రిగ్గర్‌ని తప్ప దేన్నీ తాకకూడదు. వేలికీ చెక్కకీ మధ్య పలచటి అట్టముక్క సాఫీగా జారేంత సందు ఉండాలి.

రూల్స్

పోటీకి వెళ్తే ఎక్విప్‌మెంట్ కంట్రోల్‌లో, అంటే సామాను తనిఖీలో, గన్‌ని ఒక పెట్టెలో పెట్టి చూస్తారు. లోపలి కొలత 420, 200, 50 మిల్లీమీటర్లు. వెడల్పు 50 అని గుర్తుపెట్టుకోండి. పుట్టీ మీద ప్రేమ ఎక్కువైనవాళ్ళు ఆగిపోయేది అక్కడే. గ్రిప్ ఏ భాగమూ చేతిని చుట్టేయకూడదు. అరచేతి కింద ఆనే పలక పైకి వంపు తిరగకూడదు. మణికట్టుకి ఏ ఆసరా ఉండకూడదు. ఆ చేతికి వాచీ, కడియం కూడా తీసేయాలి. తిరుపతి తాడు సంగతి అక్కడి జ్యూరీని అడిగి తెలుసుకోండి, నేను మాత్రం ఎడమచేతికి మార్చుకున్నాను.

ట్రిగ్గర్ కనీసం 500 గ్రాములు ఎత్తాలి, అంటే అంత బరువు తగిలించి ఎత్తినా అది విడుదల కాకూడదు. సరిగ్గా 500కి పెట్టుకుని వెళ్తే అక్కడ ఒక్క గ్రాము తేడాకి బయట నిలబెడతారు. 515, 520 దగ్గర ఉంచండి.

రేంజ్‌కి తీసుకెళ్ళడం

తాళం వేసిన గట్టి పెట్టెలో, బ్యారెల్‌లో సేఫ్టీ ఫ్లాగ్ (లోపల పెల్లెట్ లేదని చూపే రంగు తీగ) పెట్టి, పెల్లెట్లు వేరే సంచిలో. మెట్రోలో వెళ్దామనుకోకండి. స్కానర్ దగ్గర పెట్టె తెరిపిస్తారు, వెనక క్యూ మొత్తం మిమ్మల్నే చూస్తుంది, చివరికి లోపలికి పంపరు. లైసెన్సు అక్కర్లేదన్న మాట ఆ గేటు దగ్గర పనికిరాదు. విమానమైతే సిలిండర్ ఖాళీ చేసి, ఎయిర్‌లైన్స్‌కి ముందే చెప్పి, చెక్ఇన్ లగేజీలో వేయాలి. నేను స్కూటర్ మీదే వెళ్తాను, పెట్టె కాళ్ళ దగ్గర పెట్టుకుని. తిరిగొచ్చేటప్పుడు మాత్రం నిండు సిలిండర్‌ని ఎండలో డిక్కీలో వదిలేసి బిర్యానీకి వెళ్ళకండి. పెట్టెతో పాటే లోపలికి తీసుకెళ్ళి కుర్చీ కింద పెట్టుకోండి, తాళంచెవి జేబులో ఉంచుకుని.