లెక్కకు అందే లక్ష్యం రాయడం ఎలా: కోరంగి మడ అడవుల నుంచి

మా తాళ్లరేవు వైపు ఊళ్లలో మడ అడవి మీదో, తాబేళ్ల మీదో, చేపల మీదో ఏ ప్లాన్ తయారైనా మొదటి పేజీలో అవే మాటలు ఉంటాయి. జీవవైవిధ్యాన్ని పెంపొందించడం, మత్స్యకారులకు అవగాహన కల్పించడం, ఆవాసాలను పరిరక్షించడం. ఏడాది తిరిగాక వీటిలో దేన్ని పట్టుకుని "అయింది" అనో "కాలేదు" అనో చెప్పగలం? ఊరి కమిటీల కుర్రాళ్లతో కూర్చుని ఇలాంటి వాక్యాలను తిరగరాయించడం నా పని. ఎలా రాయిస్తానో చెబుతాను.

ముందు ఒక్కటే అడుగుతాను: ఈ లెక్క మనం చేసే పనిని బట్టి మారుతుందా, సముద్రాన్నీ వరదనూ బట్టి మారుతుందా?

ఆలివ్ రిడ్లే అనే సముద్రపు తాబేళ్లనే చూడండి. కాకినాడకు ఎదురుగా ఉన్న దీవి గురించి "హోప్ ఐలాండ్‌లో గూళ్లు పెరగాలి" అని రాయబుద్ధవుతుంది. కానీ ఈ ఏడు గుడ్లు పెట్టిన తాబేలు వచ్చే ఏడు కూడా రావాలనేం లేదు. ఇసుక తిన్నె కోసుకుపోతే వేరే ఒడ్డుకు పోతుంది. గూళ్ల లెక్క ఏటా రాయాల్సిందే, దాని విలువ చాలా ఏళ్లకు గానీ తెలియదు. మన పనిని మాత్రం దానితో తూచకూడదు. గూడు దొరికాక జరిగేదే మన చేతిలో ఉంది.

అందుకే ఇలా రాయిస్తాను: "జనవరి నుంచి ఏప్రిల్ వరకు, ఈ గుర్తు కర్ర నుంచి ఆ గుర్తు కర్ర వరకు, రోజూ తెల్లారకముందే ఒడ్డంతా నడిచి గుర్తించిన గూళ్లలో నూటికి 80 గూళ్లు కుక్కలు, నక్కలు తవ్వకుండా పిల్లలు వచ్చేదాకా నిలవాలి." 80 అన్నది ఉదాహరణకే. మీ ఒడ్డున తొలి ఏడాది ఎన్ని నిలిచాయో చూశాకే మీ అంకె వేసుకోండి. తొలి లెక్క లేకుండా వేసిన అంకె ఎవరికీ ఉపయోగపడదు.

కొలిచే తీరు కూడా లక్ష్యం పక్కనే రాసుకోవాలి. గూటికి సుమారు 100 నుంచి 120 గుడ్లు, పిల్లలు రావడానికి 45 నుంచి 60 రోజులు. పిల్లలు వెళ్లిపోయాక అటవీ శాఖ అనుమతితో, వాళ్ల మనిషి ఉండగానే గూడు తవ్వి పెంకులు ఒక పక్క, పగలని గుడ్లు ఒక పక్క పేర్చాలి. పెంకు సగానికి మించి ఉంటేనే ఒకటిగా లెక్క. చిన్న ముక్కలు కూడా కలిపేస్తే పుట్టని పిల్లలు కూడా కాగితం మీద పుట్టేస్తాయి. హేచరీ (గుడ్లను తెచ్చి కాపలా మధ్య ఇసుకలో పొదిగించే చోటు) ఉంటే ఇసుక వేడి కూడా రాయండి. ఇసుక వేడెక్కితే ఆడ పిల్లలు, చల్లగా ఉంటే మగ పిల్లలు ఎక్కువ అవుతాయి కాబట్టి, పిల్లల సంఖ్య ఒక్కటే బాగుంటే చాలదు.

చనిపోయి ఒడ్డుకు కొట్టుకొచ్చిన తాబేళ్లకు వేరే లక్ష్యం కావాలి. సముద్రంలో చేపల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు. గుడ్లు పెట్టే కాలం అప్పటికే దాదాపు అయిపోతుంది. కాబట్టి నిషేధం ఎంత పక్కాగా అమలైనా జనవరి నుంచి మార్చి దాకా జరిగే చావులు దానివల్ల తగ్గవు. తీరానికి 8 కిలోమీటర్ల లోపు మరబోట్లు రాకూడదన్న నిబంధన, వలలో తాబేలు తప్పించుకునే పరికరం, ఈ రెండే ఆ నెలల్లో పనిచేసేవి. లక్ష్యం వాటి మీద పెట్టండి, ఫలితాన్ని "నడిచిన కిలోమీటరుకు ఎన్ని కళేబరాలు" అని చూడండి. లెక్కపెట్టిన ప్రతిదాని డిప్ప మీద రంగు గీత వేయాలి, లేకపోతే మర్నాడు నడిచినవాళ్లు దాన్నే మళ్లీ రాస్తారు.

మడ మొక్కల విషయంలో నాకు కోపమే వస్తుంది. "ఇన్ని వేల మొక్కలు నాటాం" అన్నది ఖర్చు లెక్క. కాలువ పూడిపోయి పోటు నీరు లోపలికి రాని చోట ఎన్ని నాటినా ఎండిపోతాయి. 10 మీటర్లు పొడవు, 10 మీటర్లు వెడల్పు మడులు గుర్తు పెట్టి, మూడో ఏడాది ఎన్ని బతికాయో, వాటంతటవే మొలిచినవి ఎన్నో వేర్వేరుగా రాయండి. పోటు నీరు ఆ మడి దాకా వస్తోందా అన్నది నెలనెలా చూడాలి.

బావురు పిల్లుల (చేపలు పట్టి తినే అడవి పిల్లులు) కోసం అడవిలో కెమెరాలు కట్టేవాళ్లు "100 కెమెరా రాత్రులకు ఎన్నిసార్లు కనిపించింది" అని రాస్తే చాలు; ఒక కెమెరా ఒక రాత్రి పనిచేస్తే ఒక కెమెరా రాత్రి. ఒంటి మీది మచ్చలను బట్టి ఒక పిల్లినే రెండుసార్లు లెక్కపెట్టకుండా ఉండొచ్చు.

పులస చేప లెక్క కష్టమైనది. గోదావరి ఎర్ర వరద నీటికి ఎదురీదుతూ సముద్రం నుంచి ధవళేశ్వరం వైపు వస్తుంది కాబట్టి, వరద ఎలా ఉంటే పట్టుబడి అలా ఉంటుంది. మార్కెట్‌లో ఎన్ని అమ్మారన్న లెక్క అసలు వద్దు. ఒక పడవ, ఒక రాత్రి, ఎంత పొడవు వల, వల కన్ను (రంధ్రం) ఎంత, ఎన్ని పడ్డాయి, ఒక్కో చేప పొడవు ఎంత: ఇదే రాయించండి. ఈ నోటుబుక్కు పడవవాళ్ల దగ్గరే ఉండాలి. పడని రాత్రి సున్నా రాయాలని గట్టిగా చెప్పండి. లక్ష్యం మాత్రం వల కన్ను మీద పెట్టండి, అది మనుషులు మార్చుకోగలిగినది.

చివరిగా ప్రతి లక్ష్యం కింద ఒక వాక్యం ఖాళీ వదిలి, ఏడాది మొదట్లోనే కమిటీ చేత నింపించండి: "లెక్క దీనికన్నా తగ్గితే మేం మార్చేది ఇది." కుక్కలు తవ్విన గూళ్లు పెరిగితే కంచె వేస్తారా, కాపలా పెంచుతారా, డబ్బు ఎక్కడిది, ఎవరు వెళ్తారు? పేర్లతో సహా రాయించాకే సంతకాలు తీసుకోండి.