మెమరీ ఫుల్ అని రీస్టార్ట్ కొట్టే ముందు

పర్లాకిమిడిలో మా జెరాక్స్ షాపు సిస్టం లైనక్స్ మీదే, ర్యామ్ 4 జీబీ. రాత్రి స్కాన్ ఫైళ్లన్నీ బ్యాకప్ అయితే పొద్దున్నే మొరాయిస్తుంది. కౌంటర్ ముందు చూస్తే ఒడియా ఫారాలవాళ్లు, పాతపట్నం నుంచి వచ్చినవాళ్లు.

టెర్మినల్‌లో 'ఫ్రీ' కమాండ్ కొట్టి 'అవైలబుల్' గడి చూడండి. అదే వరుసలో ఉన్న 'ఫ్రీ' గడి తక్కువ చూపిస్తే టెన్షన్ వద్దు. ఖాళీ ర్యామ్‌ని కెర్నెల్ (లైనక్స్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రాం) క్యాష్‌కి, అంటే డిస్క్ నుంచి చదివినవి మళ్లీ త్వరగా అందేలా దాచుకోవడానికి వాడుకుంటుంది, ప్రోగ్రాములు అడిగితే చాలావరకు వదిలేస్తుంది.

అవైలబుల్ బాగానే ఉన్నా స్లో అయితే, సుడోతో (అడ్మిన్ హక్కుతో) 'స్లాబ్‌టాప్' (slabtop, కెర్నెల్ తన సొంతానికి వాడే మెమరీ చూపే కమాండ్) తెరిచి సి (c) నొక్కండి. ఎక్కువ మెమరీ తింటున్నవి పైకి వస్తాయి. డెంట్రీ (dentry, ఫైళ్ల పేర్ల నమోదు), ఐనోడ్ (inode, ఫైళ్ల వివరాల నమోదు) పేర్లు వందల ఎంబీలతో పైన కూర్చుంటే అది బ్యాకప్ తడిమిన ఫైళ్ల జాబితా. రోజూ వాడే ప్రోగ్రాముల క్యాష్‌ని అదే పక్కకు నెట్టేసి ఉండొచ్చు. అప్పుడు 'సిస్‌కంట్రోల్' (sysctl) కమాండ్‌తో 'వీఎఫ్ఎస్ క్యాష్ ప్రెషర్' (vm.vfs_cache_pressure) విలువ మామూలు 100 నుంచి 200కి పెంచండి. కెర్నెల్ ఆ జాబితాని త్వరగా వదులుకుంటుంది. రీబూట్ అయితే పాత విలువే వస్తుంది కాబట్టి ముందు ఇలా పరీక్షించి, నచ్చితేనే కాన్ఫిగ్ ఫైల్లో రాసుకోండి. క్యాష్ మొత్తం ఊడ్చేసే 'డ్రాప్ క్యాషెస్' జోలికి మాత్రం రోజూ పోకండి, ఆ వెంటనే ప్రతి ఫైలూ మళ్లీ డిస్క్ నుంచే చదవాలి.

అవైలబుల్ కూడా పడిపోయి, మెమ్‌ఇన్ఫో (/proc/meminfo) ఫైల్లో 'ఎస్ అన్‌రిక్లెయిమ్' (SUnreclaim, కెర్నెల్ వాడుతూ వదలలేని మెమరీ) రోజురోజుకీ పెరుగుతుంటే ఈ చిట్కా పనిచేయదు. ఏదో డ్రైవర్ మెమరీ లీక్ చేస్తున్నట్టు (తీసుకున్నది తిరిగివ్వనట్టు) అనుమానించి కెర్నెల్ అప్‌డేట్ చూసుకోవాలి.