మోకాలు చెప్పిన ఎత్తు: ఇంట్లో రంపం పనికి గుర్రాలు చేసుకోవడం

మా నాన్నగారు 40 ఏళ్లు వడ్రంగం చేశారు. అన్నేళ్లలోనూ ఆయన బల్ల వాడగా నేను చూడలేదు. నేల మీద గొంతుక్కూర్చుని, చెక్క కొసను చిన్న దిమ్మ మీదికి ఎత్తి, ఎడమ పాదంతో అదిమి, బొటనవేలిని కోత గీతకు అంగుళం ఇవతల ఆనించి కోసేవారు. చెక్క వెంట్రుకవాసి కదిలేది కాదు. మన పాత వడ్రంగులు చాలామంది ఇలాగే నేల మీద, పాదాలనే పట్టుకారుగా చేసుకుని పని చేశారు. కోయాల్సిన చెక్కను పైన పెట్టుకుని, మోకాలితో అదిమిపట్టే గుర్రాల వాడకం మనకు పెద్దగా అలవాటు కాలేదు. అందుకే వాటికి మన ఇళ్లల్లో స్థిరపడిన పేరు కూడా లేదు. ఇంగ్లీషులో సాహార్స్ అంటారు. నేను గుర్రాలనే అంటాను. నాలుగు కాళ్లు, పైన ఒక దూలం, ఎప్పుడూ జంటగా ఉంటాయి.

నాకిప్పుడు 47 ఏళ్లు. బడిలో పాఠాలు చెబుతాను. రాజమహేంద్రవరంలో మా ఇంటి డాబా మీద 8 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు ఉన్న రేకుల పందిరి నా పనిచోటు. నాన్నగారి రంపాలు, ఉళ్లు, చిత్రికలు నాకే వచ్చాయి. ఆయన కూర్చున్న తీరు మాత్రం రాలేదు. నా కుడి మోకాలు నేల మీద కూర్చోనివ్వదు. రెండు కుర్చీల మధ్య పలక పెట్టి కోయడంతో మొదలుపెట్టాను. కోత సగానికి వచ్చేసరికి పలక నడుము వంగి రెండు ముక్కలూ రంపాన్ని నొక్కేశాయి. లాగితే రాదు, తోస్తే కదలదు. బలంగా తోసినప్పుడు పలక ఒక్కసారిగా విరిగి, కోత గీత పక్కన అర అడుగు మేర చీలిపోయింది. అది నాన్నగారు దాచిన టేకు పలక. ఆ రోజే గుర్రాలు చేయాలని నిర్ణయించుకున్నాను.

చేశాను, తప్పు ఎత్తులో చేశాను. ఒక బొమ్మ చూసి 30 అంగుళాలు పెట్టాను. వంటగట్టుకు దగ్గరి ఎత్తు అది. చేతిరంపంతో కోయడం మొదలుపెట్టాక భుజం పట్టేసింది, రంపం అడ్డదిడ్డంగా పోయింది. ఎందుకంటే చేతిరంపం పనిలో చెక్కను అదిమిపెట్టాల్సింది చేతులు కాదు, శరీరపు బరువు. నాన్నగారి పాదం చేసిన పనిని నిలబడి పని చేసేవారికి మోకాలు చేయాలి. చెక్కను గుర్రం మీద పెట్టి, ఎడమ మోకాలిని దాని మీద మోపి, కుడి కాలి మీద నిలబడి, కుడి చేత్తో కోయాలి. అప్పుడు కన్ను, భుజం, మోచేయి, రంపం ఒకే గీతలో నిలుస్తాయి. అడ్డంగా కోసేటప్పుడు రంపం చెక్కతో 45 డిగ్రీలు, నిలువు పొర వెంట చీల్చేటప్పుడు 60 డిగ్రీల వరకు ఉండాలి. 30 అంగుళాల ఎత్తున ఆ వాలు దొరకదు.

కాబట్టి ఎత్తును పుస్తకంలో చూడకండి. పని చేసేటప్పుడు వేసుకునే చెప్పులు వేసుకుని నిటారుగా నిలబడి, నేల నుంచి మోకాలి చిప్ప కింద పల్లం దాకా కొలవండి. అదే మీ గుర్రం మొత్తం ఎత్తు. నాది 18 అంగుళాలు. పొడుగ్గా ఉన్నవారికి 20, 21 రావచ్చు. కరెంటు రంపంతోనే పని చేసేవారికి, ఎక్కువగా రంగులు, పాలిష్ వేసేవారికి 28 అంగుళాలు సుఖం. అలాంటి జంట నేను తర్వాత ఇంకొకటి చేసుకున్నాను. కానీ మొదటి జంట మోకాలి ఎత్తుదే కావాలి.

చేసుకునే ఓపిక లేనివారు కొనుక్కోవచ్చు. మడతపెట్టే ఇనుప గుర్రాలు, ప్లాస్టిక్ గుర్రాలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ఎంత బరువు మోస్తుందో రాసి ఉందా, కాళ్లు తెరిచాక బిగుసుకునే కొక్కెం ఉందా, పాదాలకు రబ్బరు ఉందా చూడండి. ఎండ తగిలే డాబా మీద ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది, నేను దాన్ని వద్దంటాను. అంతకంటే వీధి చివర వెల్డింగ్ దుకాణంలో అంగుళం చదరపు గొట్టంతో మీ మోకాలి కొలతకే చేయించుకుని, పైన చెక్క పట్టీ బిగించుకోవడం మేలు. పైభాగం ఇనుముగా మాత్రం వదిలేయకండి. రంపపు పళ్లు ఒక్కసారి తగిలితే చాలు, మళ్లీ అరగంట సానపట్టాలి.

నా గుర్రాలు కలపతో చేసినవే. ఒకప్పుడు ఎగువ అడవుల నుంచి తెప్పలుగా కట్టిన కలప గోదావరి మీదుగా మా ఊరికి దిగేది, ఇప్పటికీ ఇక్కడ కలప అమ్మే అడితీలకు కొదవలేదు. అయినా గుర్రాలకు కొత్త టేకు వాడటం నాకు మనసొప్పదు. పడగొట్టిన పెంకుటిళ్ల వాసాలు, దూలాలు అమ్మేచోటికి వెళ్లండి. ఏళ్ల తరబడి ఆరిన కలప అది, అంత తేలిగ్గా వంకర తిరగదు. కొనేటప్పుడు అయస్కాంతం తీసుకెళ్లి నాలుగు వైపులా తిప్పండి, లోపల విరిగి ఉండిపోయిన మేకులు తెలుస్తాయి. పాత మద్ది, వేప దొరికినా మంచివే. మామిడి చవక, తేలిక, కానీ త్వరగా పురుగు పడుతుంది. కొండపల్లి బొమ్మలు చేసే పొణికి ఉలికి వెన్నలా లొంగుతుంది, అందుకే మనిషి బరువు మోయడానికి అది పనికిరాదు. ఆ చెక్క చేతికి ఎంత ముద్దొచ్చినా ఈ పనికి తేవద్దు.

ఒక్కో గుర్రానికి 30 అంగుళాల పొడవు, 4 అంగుళాల వెడల్పు, 2 అంగుళాల మందం ఉన్న దూలం ఒకటి, 20 అంగుళాల పొడవు, 3 అంగుళాల వెడల్పు, అంగుళంపావు మందం ఉన్న కాళ్లు నాలుగు కావాలి. కాళ్లను కలపడానికి 2 అంగుళాల రీపర్లు (సన్నటి చెక్క బద్దలు) రెండు, దూలమంత పొడవూ వెడల్పూ ఉండి అంగుళం మందం గల పై పట్టీ ఒకటి, 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్కలు రెండు. జంట మొత్తానికి వృథాతో కలిపి ఒకటింబావు ఘనపుటడుగుల కలప సరిపోతుంది. కాళ్ల పొడవు నా ఎత్తుకు చెప్పాను. మీది వేరైతే మీ కొలతకు 2 అంగుళాలు కలిపి కోయండి.

కాళ్లు బయటికి వాలి ఉండాలి. ఎంత వాలు అన్న ప్రశ్నకు నేను అట్టముక్కతో జవాబు చెప్పుకుంటాను. 8 అంగుళాల ఎత్తు, 2 అంగుళాల అడుగు ఉన్న లంబకోణ త్రిభుజం ఒకటి అట్టలో కత్తిరించండి. అంటే 4 అంగుళాలు కిందికి వస్తే అంగుళం బయటికి, సుమారు 14 డిగ్రీలు. ఇంతకంటే తక్కువైతే గుర్రం పక్కకు పడుతుంది, ఎక్కువైతే కాళ్లు మన కాళ్లకు అడ్డం పడతాయి. చేయి తిరిగినవారు కాళ్లను పొడవు వైపు కూడా వాలుస్తారు. మొదటిసారి చేసేవారు పక్కలకు వాలిస్తే చాలు. కాలి బయటి అంచును మాత్రం దూలం కొసకు 2 అంగుళాల కంటే లోపలికి జరపకండి. జరిపితే కొస మీద మోకాలు మోపినప్పుడు గుర్రం రెండో కొస పైకి లేస్తుంది.

అసలు పనంతా కాళ్లు కూర్చునే గాళ్లలో ఉంది. నాన్నగారు అంగుళంలో ఎనిమిదో వంతును నూలు అనేవారు. నాకు ఇప్పటికీ ఆ లెక్కే చేతికొస్తుంది. దూలాన్ని వెడల్పు పైకి వచ్చేలా పరుండబెట్టండి. గాడి వెడల్పును టేపుతో కొలవకండి, కాలినే దూలం పక్కన నిలబెట్టి రెండు అంచులా మొనదేలిన పెన్సిల్‌తో గీయండి. ఏ కాలికి ఏ గాడి అన్నది రెండింటి మీదా అంకె వేసుకోండి. ఇప్పుడు దూలం పైముఖాన అంచు నుంచి 5 నూళ్ల లోతున ఒక గీత, కిందిముఖాన 1 నూలు లోతున ఇంకో గీత వేయండి. దూలం మందం 2 అంగుళాలు, పైకీ కిందికీ తేడా 4 నూళ్లు, అంటే అర అంగుళం. అట్టముక్క చెప్పిన వాలు అదే. గాడి పైన లోతుగా, కింద పలచగా ఉండటం వల్ల అందులో కూర్చున్న కాలు తనంతట తానే బయటికి వాలుతుంది.

రెండు పక్క గీతలనూ లోపలి వైపు నుంచే, గీత కనపడుతూ మిగిలేలా కోయండి. రంపం పైన 5 నూళ్ల దగ్గర, కింద 1 నూలు దగ్గర ఒకేసారి ఆగేలా వాల్చి పట్టుకోవాలి. ఆ రెండు కోతల మధ్య అరంగుళానికి ఒకటి చొప్పున మరిన్ని గాట్లు పెట్టండి. తర్వాత ఉలిని పక్క నుంచి ఆనించి కొయ్యసుత్తితో తేలిగ్గా తడితే ముక్కలు బిస్కెట్లలా ఊడివస్తాయి. అడుగును ఉలితో చదును చేయండి. కాలిని చేత్తో పెడితే వదులుగా పడిపోకూడదు, సుత్తితో కొడితే దూలం చీలకూడదు. కొయ్యసుత్తి దెబ్బలు నాలుగైదు తగిలాక సర్దుకుని, చివరి దెబ్బకు చప్పుడు గట్టిపడాలి. ఆ చప్పుడు మారడం మీకే వినిపిస్తుంది. నా ఎనిమిది గాళ్లలో రెండు వదులయ్యాయి. పలచటి చెక్కపేళ్లు జిగురుతో దూర్చి సరిచేశాను, ఇప్పటికీ గట్టిగానే ఉన్నాయి.

గాడిలో ఫెవికాల్ రాసి, కాలిని కూర్చోబెట్టి, ముందుగా బెజ్జాలు వేసి, రెండున్నర అంగుళాల స్క్రూలు రెండేసి బయటి నుంచి బిగించండి. పై స్క్రూ దూలం పైముఖానికి ముప్పావు అంగుళం కిందనే ఉండాలి. పైన పొడుచుకు వచ్చిన కాలి కొసను దూలంతో సమంగా కోసి చిత్రిక పట్టండి. రెండు చివరలా, దూలానికి సరిగ్గా కింద, ఎదురెదురు కాళ్లను కలుపుతూ 6 అంగుళాల ఎత్తు ప్లైవుడ్ ముక్కను జిగురు, స్క్రూలతో బిగించండి. కాళ్లు తెరుచుకుపోకుండా ఆపేది అదే. నేల నుంచి 6 అంగుళాల ఎత్తున, ఒక్కో పక్క రెండు కాళ్లను కలుపుతూ రీపరు వేయండి. ఆ రీపర్ల మీద పలచటి పలక పరిస్తే మూలమట్టం, పెన్సిల్ పెట్టుకోవడానికి చిన్న అర కూడా దొరుకుతుంది. జిగురు ఆరడానికి ఒక రాత్రి వదిలేయండి.

మర్నాడు కాళ్లను సమం చేయాలి. ఈ పని డాబా మీద చేయవద్దు. వాన నీరు పోవడానికి డాబాను వాలుగా పోస్తారు, అక్కడ సరిచేసిన గుర్రం ఇంకెక్కడా సరిగా నిలబడదు. నేను మా హాల్లో టైల్స్ మీద, పొడవాటి రసమట్టం అన్ని వైపులా తిప్పి చదునుగా ఉందని తేల్చుకున్న చోట చేశాను. గుర్రాన్ని నిలబెట్టి, ఊగే కాలి కింద చెక్కపేళ్లు దూర్చి, దూలం పొడవునా అడ్డంగా కూడా రసమట్టంలో బుడగ నడిమికి వచ్చేదాకా సర్దండి. ఇప్పుడు నేల నుంచి దూలం పైముఖం దాకా కొలవండి. పై పట్టీకి ఒక అంగుళం పోను నాకు 17 కావాలి. 18కి కొంచెం పైన వచ్చింది, అంటే అంగుళానికి పైగా తీసేయాలి. సరిగ్గా అంత మందం ఉన్న చెక్కముక్క ఒకటి తీసుకుని, దాని మీద పెన్సిల్‌ను పరుండబెట్టి, నేల మీద జరుపుతూ ఒక్కో కాలి చుట్టూ నాలుగు ముఖాల మీదా గీత గీయండి. పెన్సిల్ మందంలో సగం కూడా కలుస్తుంది కాబట్టి చెక్కముక్కను ఆ మేరకు పలచగా తీసుకోండి. ఆ గీత వెంట కోస్తే పాదాలు వాటంతటవే సరైన వాలులో నేలకు పూర్తిగా ఆనుతాయి. ఒక్కో కాలిని కొలిచి విడిగా కోస్తూ పోతే ఊగడం ఒక కాలి నుంచి ఇంకో కాలికి మారుతుందే తప్ప పోదు. రెండో గుర్రాన్ని మొదటిదాని పక్కన నిలబెట్టి, రెండింటి మీదా తిన్నటి పలక వేసి, రసమట్టంతో చూసుకుంటూ సరిచేయండి. రెండూ సమంగా లేకపోతే వాటి మీద బిగించే తలుపు కూడా మెలితిరుగుతుంది.

మా గోదావరి ఒడ్డున గాలిలో తేమ ఎక్కువ. పాదాల కోసిన ముఖం నీటిని స్పాంజిలా పీలుస్తుంది. దానికి అవిసె నూనె రెండు మూడుసార్లు పట్టించి, ఆరాక పాత సైకిల్ ట్యూబు ముక్కలు అంటించండి, టైల్స్ మీద జారదు. వట్టి మట్టి నేల మీద వదిలేయకండి, చెదలు పాదాల నుంచే ఎక్కుతాయి.

పై పట్టీకి జిగురు వద్దు. దూలం కింది నుంచి నాలుగు స్క్రూలు పైకి బిగించండి. రెండున్నర అంగుళాల స్క్రూ 2 అంగుళాల దూలం దాటి పట్టీలోకి అర అంగుళమే వెళుతుంది, పైన అర అంగుళం వట్టి చెక్క మిగులుతుంది. రంపం పట్టీలోకి కాస్త దిగినా ఇనుము తగలదు.

కోసేటప్పుడు గీత రెండు గుర్రాల మధ్య పడకూడదు. నా టేకు పలక చీలింది అందుకే. తెగిపడే ముక్క గుర్రానికి బయట ఉండాలి, చివరి రెండు మూడు తోపుల్లో దాన్ని ఎడమ చేత్తో పట్టుకోవాలి, పైకి ఎత్తకూడదు. పెద్ద ప్లైవుడ్ షీటును నడిమికి కోయాల్సి వస్తే పద్ధతి వేరు. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉన్న 18 మిల్లీమీటర్ల షీటు 30 కిలోలకు తగ్గదు, ఒక్కరే ఎత్తకండి. గుర్రాలను 5 అడుగుల దూరంలో పెట్టి, వాటి మీద 8 అడుగుల రీపర్లు నాలుగు పరిచి, షీటు వాటి మీద వేయండి. కోత గీతకు అటు రెండు, ఇటు రెండు రీపర్లు ఉంటే తెగాక కూడా రెండు ముక్కలూ ఉన్నచోటే ఉంటాయి. పొడవు వెంట చీల్చేటప్పుడు రంపం గుర్రం దగ్గరికి రాగానే షీటును కాస్త జరుపుకుంటూ పోవాలి.

మోకాలి కింద పాత తువ్వాలు మడతపెట్టి వేసుకోండి, రెండు గంటల పనికి తేడా తెలుస్తుంది. పై పట్టీ నిండా గాట్లు పడి పలక సరిగా ఆనకపోతే నాలుగు స్క్రూలు విప్పి కొత్తది వేయండి. నేను ఇప్పటికి రెండుసార్లు మార్చాను.