క్షిపణి ముప్పుపై జనాభిప్రాయాన్ని అడిగే పద్ధతి

2025 మే 7న ఆపరేషన్ సిందూర్ జరిగిన రోజే, సాయంత్రం 4 గంటలకు, హైదరాబాద్‌లో సికింద్రాబాద్, గోల్కొండ, కంచన్‌బాగ్, మౌలాలి ప్రాంతాల్లో మాక్ డ్రిల్ సైరన్లు మోగాయి. ఆ వారమంతా ఇరానీ చాయ్ హోటళ్ళలోనూ అపార్ట్‌మెంట్ల మెట్ల మీదా వినిపించిన ప్రశ్న ఒక్కటే: కొట్టాలా, వద్దా? కాలనీ సంఘమో, కళాశాల విద్యార్థులో ఇదే ప్రశ్నతో సర్వే చేయాలనుకుంటే, ముందుగా ఆ ప్రశ్నను పక్కన పెట్టవలసి ఉంటుంది. ఎంత ఖర్చుకు, ఎంత ప్రాణనష్టానికి సిద్ధపడి కొట్టాలో చెప్పకుండా అడిగితే మనకు అందేది ఆ పూట జనం ఆవేశమే తప్ప వారి అభిప్రాయం కాదు.

2003 జనవరిలో, ఇరాక్ యుద్ధానికి ముందు, ప్యూ రిసెర్చ్ సెంటర్ అనే సర్వే సంస్థ అమెరికన్లను సద్దాం హుస్సేన్ పాలనను అంతం చేయడానికి సైనిక చర్య తీసుకోవచ్చునా అని అడిగితే 68 శాతం మంది సరేనన్నారు. అదే ప్రశ్నకు, వేలాది మంది తమ సైనికులు చనిపోయినా, గాయపడినా సరేనా అన్న భావాన్ని జోడించి అడిగితే సరేనన్నవారు 43 శాతమే. కాబట్టి మన ప్రశ్నావళిలో కూడా ప్రతి ఎంపిక పక్కన దాని మూల్యం కనిపించాలి. ‘ఎదురుదాడి చేయాలి’ అని మాత్రమే రాయకుండా, ‘అవతలి దేశం తిరిగి మన నగరాల మీద దాడి చేసే అవకాశం ఉన్నా ఎదురుదాడి చేయాలి’ అని రాయండి. ‘చర్చలు జరపాలి’ అన్నదానికి కూడా, ఆ వ్యవధిలో శత్రువు మరింత సన్నద్ధం కావచ్చునన్న మాటను చేర్చండి. లేకపోతే శాంతి పక్షానికి చౌకగా మార్కులు వేసినట్లవుతుంది.

బెదిరింపు, పరీక్షా ప్రయోగం, దాడి అనే మూడింటినీ విడివిడిగా అడగడం తప్పనిసరి. 2017 ఆగస్టు 29న ఉత్తర కొరియా క్షిపణి జపాన్‌లోని హొక్కైడో మీదుగా వెళ్ళి పసిఫిక్ మహాసముద్రంలో పడింది. అది కేవలం బెదిరింపూ కాదు, పూర్తి దాడీ కాదు. ఇటువంటి సందర్భంలో ఏం చేయాలని అడిగితే చాలామంది చాలాసేపు ఆలోచిస్తారు. ఆ ఆలోచనకు సమయం ఇవ్వడమే సర్వేకు వెళ్ళినవారి పని.

మాటల ఎంపికలో తెలుగుకు సొంత చిక్కులున్నాయి. ‘బుద్ధి చెప్పాలా’ అంటే మనం పెద్దలం, వారు తప్పు చేసిన పిల్లలు అన్న తీర్పు ప్రశ్నలోనే ఇమిడిపోతుంది. ‘ప్రతీకారం’ అన్న మాటలో పగ ఉంది, ‘సంయమనం’ అన్న మాటలో ముందే మెప్పు ఉంది. ‘సైనికంగా స్పందించడం’, ‘సైనికంగా స్పందించకపోవడం’ అన్న చప్పని మాటలే మేలు. కాగితం మీద ‘క్షిపణి’ అని రాసినా, ఇంటి ముందు నిలబడి అడిగేటప్పుడు ‘మిసైల్’ అనండి. నగరంలో అందరికీ తెలిసిన మాట అదే. ఉర్దూ ప్రతిని తెలుగు నుంచి మక్కికి మక్కి అనువదించకుండా, ఆ భాష ఇంట్లో మాట్లాడేవారి చేత రాయించండి.

ప్రశ్నల వరుస కూడా జవాబును మారుస్తుంది. 1948లో అమెరికాలో ఇతర దేశాల కమ్యూనిస్టు విలేకరులను తమ దేశంలోకి రానివ్వవచ్చునా అని మొదటే అడిగితే 36 శాతం ఒప్పుకున్నారు. అమెరికన్ విలేకరులను రష్యా రానివ్వాలా అని ముందుగా అడిగి, ఆ తర్వాత అడిగితే 73 శాతం ఒప్పుకున్నారు. అందువల్ల సగం ప్రతుల్లో సైనిక ప్రశ్న ముందు, మిగిలిన సగంలో దౌత్య ప్రశ్న ముందు ఉండేలా అచ్చు వేయించండి.

ఎవరిని అడగాలన్నదానిపై నా తొలి ప్రయత్నం పరువు తీసింది. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ప్రశ్న పెట్టి, వచ్చిన జవాబులను ‘హైదరాబాద్ అభిప్రాయం’ అని చెప్పుకున్నాను. వాచ్‌మన్‌నూ, ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళనూ ఒక్క మాటైనా అడగలేదని ఆ తర్వాత గుర్తొచ్చింది. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక, తన సర్వేకు 20 లక్షలకు మించి జవాబులు వచ్చినా, గెలిచిన రూజ్‌వెల్ట్ ఓడిపోతారని చెప్పి అభాసుపాలైంది. సంఖ్య కన్నా ఎంపిక ముఖ్యం. చార్మినార్, కూకట్‌పల్లి, గచ్చిబౌలి, మల్కాజ్‌గిరి వంటి భిన్నమైన ప్రాంతాల్లో వీధులను చీటీలు తీసి ఎంచుకుని, ప్రతి అయిదో ఇంటికో పదో ఇంటికో వెళ్ళండి. తలుపు తీసినవారిని కాక, ఇంట్లోని వయోజనుల్లో అందరికన్నా ఇటీవల పుట్టినరోజు వచ్చినవారిని అడగండి. ఐటీ ఉద్యోగుల కోసం రాత్రి ఎనిమిది తర్వాతో ఆదివారమో మళ్ళీ వెళ్ళక తప్పదు.

కంచన్‌బాగ్ చుట్టుపక్కల ఇంకా జాగ్రత్త అవసరం. ఆకాశ్ క్షిపణిని రూపొందించిన రక్షణ పరిశోధనశాల డీఆర్‌డీఎల్, దానిని తయారుచేసే ప్రభుత్వ సంస్థ బీడీఎల్ ఈ నగరంలోనే ఉన్నాయి కనుక, అక్కడి కుటుంబాల్లో గర్వమూ, తామే గురి అవుతామేమోనన్న బెరుకూ కలిసే ఉంటాయి. వారి ఉద్యోగం గురించి ఒక్క ప్రశ్న కూడా వేయకండి. పాతబస్తీలోనైనా, మరెక్కడైనా, తమ జవాబును బట్టి తమ దేశభక్తిని తూకం వేస్తారని జనం అనుమానిస్తే, నిజం నోటికి రాదు. పేరు, ఫోన్ నంబరు రాసుకోకుండా, జవాబు కాగితాన్ని వారే మడిచి పెట్టెలో వేసే ఏర్పాటు చేయండి.

సైరన్ మోగిన వారంలో అడిగిన జవాబును శాశ్వతమనుకోకూడదు. 2001 సెప్టెంబరు 11 దాడులకు ముందు గ్యాలప్ సర్వే సంస్థ లెక్కలో 51 శాతమున్న అమెరికా అధ్యక్షుడు బుష్ ఆదరణ, రెండు వారాల్లోపే 90 శాతానికి చేరి, తర్వాత క్రమంగా దిగిపోయింది. ఇవే ప్రశ్నలను రెండు నెలల తర్వాత మళ్ళీ అడగగలిగితేనే ఏది నిలిచిందో తెలుస్తుంది.

400 మందిని సక్రమంగా ఎంచుకుంటే, ఫలితం సుమారు 5 శాతం అటూ ఇటూ ఉంటుంది. కానీ అందులో ఒక ప్రాంతంవారు 40 మందే అయితే తేడా 15 శాతం దాటుతుంది కనుక, ‘ఫలానా బస్తీవారు యుద్ధం కోరుతున్నారు’ అని రాయకండి. ‘తెలియదు’ అన్నవారిని లెక్కలోంచి తీసేయకుండా వారికీ ఒక గడి కేటాయించి, ఫలితాల పక్కనే అడిగిన ప్రశ్నను అక్షరం మార్చకుండా, అడిగిన తేదీలతో సహా అచ్చు వేయండి.