బడికి సైకిల్ బయల్దేరే ముందు రెండు నిమిషాలు

పిల్లల సైకిల్‌కి రోజూ పొద్దున్నే చూడాల్సింది ముందుగా బ్రేకులు. లివర్ గట్టిగా పట్టి నొక్కితే హ్యాండిల్‌కి తగలకూడదు, మధ్యలో కనీసం రెండు వేళ్ల సందు ఉండాలి. తగులుతోందంటే బ్రేక్ వైరు సాగినట్టు, లేదా రబ్బర్లు అరిగినట్టు. రబ్బరు మీది గాడులు కనబడకపోతే మార్చేయండి. వానలో రిమ్ము తడిస్తే బ్రేకు ఆలస్యంగా పడుతుంది, అందుకని ముందే మెల్లగా నొక్కుతూ రావాలి.

స్కూల్ బ్యాగు హ్యాండిల్‌కి తగిలించడమే పెద్ద తప్పు. బరువు ఒక పక్కకి లాగుతుంది, మలుపులో ముందు చక్రానికి తగులుతుంది. వెనక క్యారియర్ మీద పెట్టి పాత ట్యూబు ముక్కతో బిగించి కట్టండి. బ్యాగు పట్టీలు వేలాడకూడదు. చున్నీ అయితే రెండు కొసలూ వెనక్కి తెచ్చి నడుం దగ్గర ముడేయాలి, లేకుంటే చక్రంలోనో చైన్‌లోనో చుట్టుకుంటుంది.

సీటు మరీ ఎత్తుగా వద్దు (వచ్చే ఏడాదికి సరిపోతుందిలే అని చాలామంది పైకి లేపేస్తారు). కూర్చుంటే రెండు కాళ్ల మునివేళ్లూ నేలకి ఆనాలి.

సైకిలైతే రోడ్డుకి ఎడమ వైపే. ఫుట్‌పాత్ లేని చోట నడిచే పిల్లలు మాత్రం కుడి వైపు, ఎదురొచ్చే బండ్లు కనబడేలా. ఆగిన బస్సుకి ఎడమ పక్కగా దూరొద్దు, దిగేవాళ్లు మీద పడతారు. పెద్ద రోడ్డు దాటాలంటే దిగి తోసుకుంటూ దాటడమే మేలు. వెనక మడ్‌గార్డ్‌కి ఎర్ర రేడియం స్టిక్కర్ అంటించండి.