షుగరు మాత్రలు వాడేవారు అలిపిరి మెట్లెక్కే ముందు
అలిపిరి నుండి సుమారు 3,550 మెట్లెక్కి తిరుమల చేరాలని మొక్కుకున్నవారు గ్లిమెపిరైడ్ వంటి మాత్రలో, ఇన్సులినో వాడుతున్నట్లయితే ఉపవాసంతో నడక మొదలుపెట్టకూడదు. ఇవి తిన్నా తినకపోయినా చక్కెరను తగ్గిస్తూనే ఉంటాయి, ఎక్కే శ్రమ దానిని మరింత దించుతుంది. మోతాదు మార్చాలా అన్నది ముందే వైద్యుణ్ణి అడగాలి. సొంతంగా మానేయడమూ ప్రమాదమే. మెట్‌ఫార్మిన్ మాత్ర ఒక్కటే వాడేవారికి చక్కెర పడిపోయే భయం తక్కువ.

దారిలో చేతులు వణికి, చల్లని చెమట పట్టి, మాట తడబడితే అది రక్తంలో చక్కెర పడిపోవడం కావచ్చు, చాలామంది మెట్లెక్కిన అలసటే అనుకుని పొరబడతారు. అక్కడే కూర్చుని, మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలు ఆగి, తగ్గకపోతే మళ్లీ తాగాలి. స్పృహ తప్పినవారి నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. చక్కెర పొట్లం, మందుల చీటీ జేబులో ఉండాలి, అలిపిరి వద్ద అప్పగించిన సంచిలో కాదు.